ఎక్సలేటర్ తొక్కినా కారు లాగట్లేదా? టర్బో, పంపు మార్చే ముందు ఈ వరసలో వెతకండి

ఎక్సలేటర్ తొక్కుతున్నా బండి లాగట్లేదు, పికప్ చచ్చిపోయింది, ఘాట్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్లో కూడా ఆయాసపడుతోంది, లారీని ఓవర్‌టేక్ చేద్దామని పక్కకి తీస్తే సగంలో బలం అంతా పోతోంది. ఈ కంప్లైంట్ పట్టుకుని షెడ్డుకి వెళ్తే చాలా చోట్ల వినపడే మాట ఒకటే, డీజిల్ బండి అయితే టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం) పోయింది లేదా నాజిళ్లు (ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు) పోయాయి, పెట్రోల్ అయితే పంపు మార్చాలి అని. అది నిజం కూడా కావచ్చు, కానీ అది అన్నీ చూశాక చివర్లో తేలాల్సిన మాట, బోనెట్ ఎత్తగానే అనేసే మాట కాదు. ఎందుకంటే ఇదే లక్షణం పగిలిన ఒక రబ్బరు హోస్ వల్ల వస్తుంది, నీళ్లు చేరిన డీజిల్ ఫిల్టర్ వల్ల వస్తుంది, మసి పట్టిన ఒక చిన్న సెన్సార్ వల్ల వస్తుంది. వాటికయ్యే ఖర్చు తక్కువ, టర్బోకి నాజిళ్లకి అయ్యేది పదుల వేలల్లో. కాబట్టి ముందు వెతకాలి, తర్వాతే విప్పాలి.

మన రోడ్ల మీద ఇంకా బోలెడన్ని ఫియట్ 1.3 లీటర్ మల్టీజెట్ డీజిల్ ఇంజన్లు తిరుగుతున్నాయి. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, ఇండికా విస్టా, మాంజా, పుంటో, లీనియా, ఇవన్నీ ఆ 1248 సీసీ ఇంజన్‌తో వచ్చినవే. బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ బండ్లు అమ్మడం ఆపేసింది కాబట్టి ఆ కంపెనీ డీజిల్ బండి మీ దగ్గర ఉందంటే దానికి ఇప్పటికి బాగానే వయసొచ్చినట్టు, రబ్బర్లు గట్టిపడే వయసు, మసి పేరుకునే వయసు. అందుకే ఆ ఇంజన్‌ని మనసులో పెట్టుకుని ఎక్కువ రాస్తున్నాను, పెట్రోల్ వాళ్లకి కావాల్సింది తర్వాత ఉంది, దాటేసి కిందకి వెళ్లినా పర్లేదు. కానీ ఈ మొదటి భాగం మాత్రం అందరూ చదవండి.

అసలు తప్పు ఇంజన్‌దేనా?

ఇది చూడకుండానే ఇంజన్ మీద పడిపోతారు. మొదట క్లచ్. ఖాళీ రోడ్డు మీద 50 స్పీడ్‌లో నాలుగో గేర్లో వెళ్తూ ఒక్కసారి ఎక్సలేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం ముల్లు గబగబా పైకి పోయి స్పీడు మాత్రం అలాగే ఉండిపోతే ఇంజన్ బానే ఉంది, క్లచ్ ప్లేటు జారుతోంది, కాలిన వాసన కూడా వస్తుంది. ఆర్పీఎం, స్పీడు రెండూ కలిసే నెమ్మదిగా కదులుతుంటే అప్పుడు ఇంజన్ వైపు చూడాలి.

రెండోది బ్రేకులు. పది కిలోమీటర్లు పెద్దగా బ్రేక్ వాడకుండా నడిపి, దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచేయి దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు, కాలుతుంది. ఒక్క చక్రం మాత్రం సెగ కొడుతుంటే ఆ వైపు కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని నొక్కే భాగం) పట్టేసింది. వెనక రెండూ వేడిగా ఉంటే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ వదలట్లేదేమో చూడాలి, వానాకాలంలో హ్యాండ్‌బ్రేక్ వేసి రోజుల తరబడి వదిలేసిన బండ్లలో ఇది మామూలే. టైర్లలో గాలి తక్కువున్నా బండి బరువుగానే అనిపిస్తుంది, కానీ ఓవర్‌టేక్‌లో ఆగిపోయినంత పని అవ్వదు.

మూడోది మీరున్న ఎత్తు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్ ప్రతి వంద మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక శాతం బలం కోల్పోతుంది. వైజాగ్‌లో చక్కగా నడిచే చిన్న పెట్రోల్ బండి నలుగురితో, ఏసీతో అనంతగిరి ఘాట్ ఎక్కి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరేసరికి నీరసపడిందంటే అందులో కొంత భాగం గాలి పలచబడ్డం వల్లే. దానికి రిపేర్ లేదు, గేర్ తగ్గించి ఎక్కించడమే. కిందకి దిగాక కూడా అలాగే ఉంటే అప్పుడు వెతకాలి.

ఎప్పుడు పోతోంది బలం?

స్పానర్ పట్టుకునే ముందు కాగితం మీద రాసుకోండి, నిజంగా రాసుకోండి, ఎందుకంటే మెకానిక్ దగ్గర నిలబడ్డప్పుడు సగం గుర్తురావు. కింద ఆర్పీఎంలో లాగట్లేదా, పైన ఆర్పీఎంలోనా? మెల్లగా నీరసపడుతోందా, లేక ఒక్కసారిగా స్విచ్ కట్టేసినట్టు పోతోందా? బండి ఆపి తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోతోందా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? జర్క్‌లు ఉన్నాయా? పొగ ఏ రంగు? డీజిల్ కొట్టించాక మొదలైందా, సర్వీసింగ్ చేయించాక మొదలైందా?

ఈ జవాబుల్లోనే సగం పని అయిపోతుంది. నల్లపొగతో లాగకపోతే లోపలికి వెళ్తున్న ఇంధనానికి సరిపడా గాలి అందట్లేదు. పొగ లేకుండా లాగకపోతే ఇంధనమే అందట్లేదు, లేదా కంప్యూటరే కావాలని తగ్గించేసింది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. జర్క్ ఇస్తూ మిస్సింగ్ కొడితే, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండకపోతే, పెట్రోల్‌లో ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిళ్లు, డీజిల్‌లో నాజిల్ లేదా ఫిల్టర్లో గాలి. ఒక్కసారిగా బలం పోయి మూడు వేల ఆర్పీఎం దాటకుండా కూర్చుని, తాళం తీసి పెడితే మళ్లీ బాగైపోతే అది లింప్ మోడ్, అంటే ఏదో కొలత హద్దు దాటిందని కంప్యూటర్ ఇంజన్‌ని కాపాడుకుంటోంది. అప్పుడు మెమరీలో ఏదో ఒక కోడ్ కచ్చితంగా పడి ఉంటుంది, డాష్‌బోర్డులో చెక్ లైట్ వెలగకపోయినా సరే. సర్వీసింగ్ తర్వాతే మొదలైతే ఎయిర్ ఫిల్టర్ బాక్స్ క్లిప్ సరిగా పడిందా, ఏదైనా సెన్సార్ ప్లగ్ పెట్టడం మర్చిపోయారా, ఏదైనా హోస్ ఊడిందా అన్నది ముందు చూడండి, ఆ ఒక్క చూపుతో తేలిపోయిన కేసులు చాలా ఉంటాయి.

ఒక మాట, హైవే మీద ఇలా అయితే ఓవర్‌టేక్ ఆపేసి ఎడమ పక్కకి వచ్చేయండి, హజార్డ్ లైట్లు వేయండి. బలం తగ్గిన బండితో ఎదురు లేన్‌లోకి వెళ్లడం ప్రాణాల మీదకి వస్తుంది, టెస్ట్ చేయడానికి కూడా అలా వెళ్లొద్దు.

స్కానర్ కొనుక్కోండి

బండి కంప్యూటర్‌లో పడ్డ కోడ్‌లు చదివే ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఈఎల్ఎమ్327 అని ఉంటుంది, ఫోన్‌లో టార్క్ లేదా కార్ స్కానర్ యాప్ వేసుకుంటే చాలు. స్టీరింగ్ కింద పెడల్స్ పైన పోర్ట్ ఉంటుంది. దీనికి పెట్టే డబ్బు మీరు బండి మీద పెట్టే వాటిలో అన్నిటికంటే మంచి ఖర్చు అని నా గట్టి నమ్మకం.

కోడ్‌లు చదివాక క్లియర్ నొక్కేయకండి, ముందు ఫోటో తీసుకోండి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, తప్పు జరిగిన క్షణంలో ఆర్పీఎం ఎంత, లోడ్ ఎంత, టెంపరేచర్ ఎంత అన్నీ అందులో ఉంటాయి, క్లియర్ చేస్తే అవి కూడా పోతాయి. ఇక కోడ్ అంటే ఫలానా పార్ట్ మార్చు అన్న ఆర్డర్ కాదు. పీ0299 పడితే టర్బో ప్రెషర్ తక్కువ వచ్చిందని మాత్రమే అర్థం, టర్బో పోయిందని కాదు, హోస్ చిరిగినా అదే కోడ్. పీ0234 అంటే ప్రెషర్ ఎక్కువైపోయింది. పీ0087 అంటే ఫ్యూయల్ రైల్‌లో (నాజిళ్లకి ఇంధనం పంచే గొట్టంలో) ప్రెషర్ చాలట్లేదు. పీ0101 గాలి కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ లెక్క కుదరట్లేదని. పీ2138 ఎక్సలేటర్ పెడల్‌లో ఉండే రెండు సెన్సార్ల రీడింగులు ఒకదానితో ఒకటి కలవట్లేదని, ఇది పడితే పెడల్ కనెక్టర్ చూడాలి, ఇంజన్ జోలికే పోనక్కర్లేదు.

కోడ్‌ల కంటే నేను ఎక్కువ నమ్మేది లైవ్ డేటా, అంటే ఆ క్షణంలో సెన్సార్లు చెప్తున్న అంకెలు. మొదట ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలోని ఒత్తిడి) చూడండి, అప్పుడది బయటి గాలి ప్రెషర్‌తో సమానంగా ఉండాలి, వైజాగ్, నెల్లూరు లాంటి సముద్రం పక్క ఊళ్లలో 100, 101 కిలోపాస్కల్ దగ్గర, హైదరాబాద్‌లో 95 దగ్గర. అక్కడే 80 అనో 115 అనో చూపిస్తే సెన్సారే అబద్ధం చెప్తోంది, ఇంక దాన్ని నమ్మి టర్బో విప్పడం దండగ. తర్వాత పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకోండి, ఫోన్ వాళ్ల చేతిలో ఉండాలి, మీరు రోడ్డు మాత్రమే చూడాలి. ఖాళీగా ఉన్న కాస్త ఎత్తు రోడ్డు మీద మూడో గేర్లో 1500 ఆర్పీఎం నుంచి 3500 దాకా ఫుల్‌గా తొక్కి ఆ రికార్డింగ్ సేవ్ చేసుకోండి. నిలబెట్టి రేస్ ఇస్తే ఏమీ తెలియదు, లోడ్ లేకుండా టర్బో ప్రెషర్ పెద్దగా రాదు, పంపు మీద బరువు పడదు, రోడ్డు మీద పోయే బలం రోడ్డు మీదే కనపడుతుంది.

డీజిల్ టర్బో బండి: ముందు గాలి

1.3 డీజిల్ 75 హెచ్‌పీ వెర్షన్‌కి ఫుల్ టార్క్ 190 న్యూటన్ మీటర్లు 2000 ఆర్పీఎంలో వస్తుంది, అంతకంటే కింద ఆ ఇంజన్ కొత్తప్పుడు కూడా మందమే. స్పీడ్ బ్రేకర్ దాటి మూడో గేర్లో 1300లో తొక్కి లాగట్లేదంటే అది జబ్బు కాదు, గేర్ తగ్గించాలి. 2000 దాటాక కూడా ఆ వెనక్కి నెట్టినట్టు అనిపించే తోపు రాకపోతే అప్పుడు సమస్య. లైవ్ డేటాలో మ్యానిఫోల్డ్ ప్రెషర్ ఫుల్ లోడ్‌లో సుమారు 200 కిలోపాస్కల్ చుట్టుపక్కలకి ఎక్కాలి, బండిని బట్టి కాస్త అటూ ఇటూ. అది 110, 120 దగ్గరే ఆగిపోతే టర్బో గాలి తొయ్యట్లేదు, లేదా తోసిన గాలి దారిలో కారిపోతోంది.

ముందు ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తెరవండి. దుమ్ము సరే, ఎలుకలు కూడా చూడండి, పొలాల దగ్గర, ఖాళీ స్థలాల పక్కన పార్క్ చేసే బండ్లలో ఎలుక గుడ్డపీలికలు, గడ్డి తెచ్చి ఫిల్టర్ బాక్స్‌లో గూడు కట్టేస్తుంది, వైర్లు కూడా కొరుకుతుంది. ఫిల్టర్ తీసి టార్చ్ లైట్ వెనక నుంచి కొట్టి చూస్తే వెలుతురు రావాలి.

తర్వాత హోసులు, ఇక్కడ మాత్రం తొందరపడకండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచే భాగానికి) ఒకటి, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి ఒకటి, లావుపాటి గొట్టాలు వెళ్తాయి. చిరుగు ఎక్కువగా కింది వైపు, వంపులో, క్లిప్ పక్కన, లేదా ఇంకో పార్ట్‌కి రాసుకునే చోట ఉంటుంది, పైనుంచి చూస్తే కొత్తదిలాగే కనపడుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు మూసుకుని ఉండి ప్రెషర్ వచ్చినప్పుడే నోరు తెరిచే చిరుగులు కూడా ఉంటాయి. అందుకని వేలితో కింద వైపంతా తడమండి, రెండు చేతులతో నొక్కి, వంచి చూడండి. హోస్ లోపల సన్నటి ఆయిల్ పొర ఉండటం మామూలే, ఇంజన్ బ్రీదర్ నుంచి వస్తుంది, దాన్ని చూసి టర్బో సీల్ పోయిందని భయపెడితే నమ్మకండి. కానీ బయట వైపు ఒకే చోట ఆయిల్ తడిగా ఉండి దానికి దుమ్ము అంటుకుని ఉంటే సరిగ్గా అక్కడే లీకు. తొక్కినప్పుడు బుస్‌మని శబ్దం, నల్లపొగ, మైలేజీ పడిపోవడం, ఈ మూడూ కలిసి ఉంటే నూటికి తొంభై వంతులు హోసే అనుకుని వెతకండి. దొరక్కపోతే ప్రెషర్ టెస్ట్ లేదా స్మోక్ టెస్ట్ చేసే షెడ్డుకి వెళ్లండి, సబ్బు నీళ్లు కొట్టి తక్కువ ప్రెషర్ గాలి పెడితే బుడగలు వచ్చేస్తాయి. మా బాబాయి వాళ్ల బండికి ఒక షెడ్డులో టర్బో మార్చాల్సిందే అన్నారు, తీరా చూస్తే ఇంటర్‌కూలర్ కింద హోస్ క్లిప్ వదులై గొట్టం సగం జారి ఉంది, స్క్రూడ్రైవర్‌తో బిగించాక బండి మళ్లీ ఎప్పటిలాగే లాగింది. టేపు చుట్టడం మాత్రం ఇంటికి చేరడానికే, హోస్ మార్చాల్సిందే.

హోసులు బాగుంటే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్. ఇంజన్ ఆపి దాని ప్లగ్ పీకి కాసేపు నడిపి చూడండి, చాలా డీజిల్ బండ్లలో కంప్యూటర్ తన దగ్గరున్న డీఫాల్ట్ లెక్కతో నడుపుతుంది. ప్లగ్ పీకితే బండి ఇంకా బాగా లాగిందంటే ఆ సెన్సార్ తప్పు చెప్తున్నట్టే. చెక్ లైట్ వెలుగుతుంది, కంగారు పడొద్దు. దాన్ని శుభ్రం చేయడానికి ఎయిర్ ఫ్లో సెన్సార్ క్లీనర్ అని ప్రత్యేకంగా స్ప్రే దొరుకుతుంది, అదే వాడండి, కార్బొరేటర్ స్ప్రే వద్దు, గుడ్డతో బ్రష్‌తో అసలు ముట్టుకోవద్దు, లోపల ఉండేది వెంట్రుక లాంటి తీగ లేదా పలచటి పొర. పూర్తిగా ఆరాకే బిగించాలి.

ఈజీఆర్ వాల్వ్ ఇంకొకటి. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపడం దాని పని, ట్రాఫిక్‌లోనే తిరిగే బండ్లలో మసి గట్టిగా పట్టేసి మూసుకోకుండా ఇరుక్కుపోతుంది. అప్పుడు ఇంజన్‌కి మంచి గాలి బదులు పొగే ఎక్కువ వెళ్తుంది, కింద ఆర్పీఎంలో గుక్కతిప్పుకోలేదు, నల్లపొగ. విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. గాస్కెట్ కొత్తది వేయాలి. కొందరు రేకు పెట్టి మూసేస్తారు, అది కాలుష్య నియమాలకి విరుద్ధం, పైగా కొన్ని బండ్లలో దానివల్లే ఇంకో కోడ్ పడి మళ్లీ లింప్ మోడ్‌లోకి వెళ్తుంది.

ఇప్పుడు టర్బో. 90 హెచ్‌పీ వెర్షన్లలో వేరియబుల్ టర్బో ఉంటుంది, లోపల రెక్కలు కదులుతాయి, మసి పట్టి ఆ రెక్కలు ఇరుక్కుంటే ప్రెషర్ ఒకసారి తక్కువ, ఒకసారి మరీ ఎక్కువ. హైవేలో నాలుగో గేర్లో గట్టిగా తొక్కి ఎక్కిస్తుంటే ఒక్కసారిగా బలం పోయి, తాళం తీసి పెడితే బాగై, కోడ్ పీ0234 ఉంటే దాదాపుగా ఇదే. వాక్యూమ్‌తో పనిచేసే టర్బో అయితే పక్కన ఒకరు స్టార్ట్ చేస్తుంటే టర్బో పక్కనుండే రాడ్డు చూడండి, స్టార్ట్ అవ్వగానే లాక్కోవాలి, ఆపగానే వదలాలి, తడబడకుండా. కదలకపోతే ముందు దానికి వచ్చే సన్న వాక్యూమ్ గొట్టాలు చూడండి, వేడికి ఎండి పెళుసుబారి చీలిపోతాయి. తర్వాత ఆ వాక్యూమ్‌ని అదుపు చేసే సొలెనాయిడ్ వాల్వ్. ఆ తర్వాతే టర్బో. ఇంజన్ చల్లగా, ఆఫ్‌లో ఉన్నప్పుడు గాలి లోపలికి వెళ్లే వైపు పైపు తీసి షాఫ్ట్ పట్టుకుని చూడండి, పక్కకి కొద్దిగా ఆడటం మామూలే, ముందుకీ వెనక్కీ ఆడితే, రెక్కలు గోడకి గీసుకున్న గుర్తులుంటే, అప్పుడు టర్బో పోయిందని నేనూ ఒప్పుకుంటాను. అప్పుడు కూడా ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది వేయించకండి, ఆయిల్ సరఫరా పైపు మసితో మూసుకుపోయి ఉంటే కొత్త టర్బో కూడా అదే దారి పడుతుంది.

డీజిల్ అందుతోందా?

గాలి ప్రెషర్ చక్కగా 200 ఎక్కుతోంది, పొగ లేదు, అయినా లాగట్లేదు. అప్పుడు రైల్ ప్రెషర్ చూడాలి, కంప్యూటర్ అడిగింది ఎంత, వచ్చింది ఎంత అని రెండు లైన్లు పక్కపక్కన పెట్టి. ఐడిల్‌లో సుమారు 300 బార్ దగ్గర ఉండి, ఫుల్‌గా తొక్కితే వెయ్యి దాటి పోతుంది. అడిగింది పైకి పోతూ వచ్చింది కింద ఉండిపోతుంటే సరఫరాలో లోటు. మొదట డీజిల్ ఫిల్టర్, దీనికి మించిన అనుమానితుడు లేడు. కింద డ్రెయిన్ స్క్రూ ఉంటే గాజు సీసాలోకి కొంచెం వదిలి పది నిమిషాలు ఉంచండి, నీళ్లుంటే అడుగున విడిగా కనపడతాయి. ఫిల్టర్ మార్చాక గాలి పూర్తిగా తీయాలి, లేకపోతే ఫిల్టర్ మార్చడం వల్లే కొత్త సమస్య వచ్చినట్టు అనిపిస్తుంది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో జాయింట్ దగ్గర గాలి పీలుస్తోందేమో కూడా చూడాలి, చిన్న ముక్క పారదర్శకమైన గొట్టం మధ్యలో పెడితే బుడగలు కళ్లకే కనపడతాయి.

ఇవన్నీ బాగుంటేనే నాజిళ్ల మాట. నాలుగు నాజిళ్ల రిటర్న్ గొట్టాలు నాలుగు ఒకే రకం చిన్న సీసాల్లోకి పెట్టి కాసేపు ఇంజన్ నడిపితే, ఏ సీసా మిగతావాటి కంటే బాగా ఎక్కువ నిండిందో ఆ నాజిల్ లోపల లీకు, రైల్ ప్రెషర్‌ని అదే తినేస్తోంది. ఈ టెస్ట్ చేసి చూపించని వాళ్ల మాట మీద నాలుగు నాజిళ్లూ మార్చొద్దు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పాత అంబాసిడర్, ట్రాక్టర్ రోజుల్లో ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసి ఏ సిలిండర్ మిస్ అవుతోందో చూసేవాళ్లు. కామన్ రైల్ బండిలో, అంటే ఒకే రైల్ నుంచి నాజిళ్లన్నిటికీ ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ వెళ్లే బండిలో, ఆ పని ఎప్పుడూ చేయొద్దు, పక్కవాళ్లని చేయనివ్వొద్దు. వందల బార్ల ప్రెషర్‌తో వచ్చే సన్న డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది, బయటికి చిన్న సూది గుచ్చినట్టే కనపడుతుంది కానీ చెయ్యి పోగొట్టుకునేంత ప్రమాదం. అలా జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెట్రోల్ బండి అయితే

దీనిలో నేను మొదట చూసేది మిస్సింగ్. తొక్కినప్పుడు దడదడలాడుతూ జర్క్ ఇచ్చి చెక్ లైట్ టపటపా కొట్టుకుంటుంటే, కోడ్ పీ0301 నుంచి పీ0304 లోపు ఏదైనా ఉంటే, చివరి అంకే సిలిండర్ నంబర్. పీ0302 ఉందనుకోండి, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి నడపండి. కోడ్ పీ0303కి మారితే కాయిల్ పోయింది, పైసా ఖర్చు లేకుండా తేలిపోయింది. మారకపోతే ప్లగ్గుతో అదే పని చేయండి. ప్లగ్గు గ్యాప్ పెరిగితే మెల్లగా నడిపినప్పుడు ఏమీ తెలియదు, లోడ్ పడ్డప్పుడే నిప్పు దూకలేక మిస్ కొడుతుంది, సీఎన్‌జీ బండ్లలో ఇది ఇంకా తొందరగా బయటపడుతుంది. సీఎన్‌జీ వాళ్లు ముందు పెట్రోల్‌కి స్విచ్ చేసి చూడండి, పెట్రోల్‌లో బాగుంటే గ్యాస్ ఫిల్టర్, రెగ్యులేటర్ వైపు, రెండిట్లోనూ ఒకేలా ఉంటే ప్లగ్గులు, కాయిళ్లు, సైలెన్సర్ వైపు.

మిస్సింగ్ లేకుండా మెత్తగా నీరసపడుతుంటే ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో అది చెప్తుంది. లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండుంటాయి, రెండూ కలిపి ప్లస్ మైనస్ పది లోపు ఉంటే సరే. ఐడిల్‌లో ప్లస్ ఇరవై ఉండి రేస్ ఇస్తే మామూలుకి వస్తుంటే ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది, ఏదో వాక్యూమ్ గొట్టం ఊడింది. ఐడిల్‌లో బాగుండి స్పీడ్‌లో తొక్కినప్పుడు ప్లస్ ఇరవైకి పోతుంటే పెట్రోల్ సరిపోవట్లేదు, పంపు లేదా ట్యాంకు లోపలి జాలీ ఫిల్టర్. ఇప్పుడు గేజ్ పెట్టి ప్రెషర్ కొలిపించండి, చాలా బండ్లకి మూడు నాలుగు బార్ మధ్య ఉండాలి, నడుపుతున్నప్పుడు కూడా నిలబడాలి. రిజర్వ్‌లోనే తిప్పే అలవాటు ఉన్న బండ్లలో పంపు తొందరగా పోతుంది, దాన్ని చల్లగా ఉంచేది చుట్టూ ఉండే పెట్రోలే.

పెట్రోల్ కొట్టించిన కాసేపటికే మొదలైందంటే నీళ్లు అనుమానించండి, ముఖ్యంగా వానాకాలంలో. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో నీళ్లు ఒక మోతాదు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి, పంపు పీల్చేది ఆ అడుగునే. అప్పుడు సీసా మందులు పోసి లాభం లేదు, ట్యాంకు ఖాళీ చేయించాలి. బిల్లు దాచుకోండి, పనికొస్తుంది.

సైలెన్సర్ మూసుకుపోతే

ఇది పెట్రోల్, డీజిల్ రెండిటికీ. మిస్సింగ్ కొడుతున్న పెట్రోల్ బండిని నెలల తరబడి అలాగే నడిపితే కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే భాగంలోకి) వెళ్లి అక్కడ కాలి దాన్ని కరిగించేస్తుంది. పొగ బయటికి పోవడానికి దారి లేకపోతే కొత్త గాలి లోపలికి రాదు, ముక్కు మూసి పరిగెత్తమన్నట్టు. స్టార్ట్ అవుతుంది, ఐడిల్ బానే ఉంటుంది, తొక్కేకొద్దీ మొండికేస్తుంది, బండి కింద సెగ ఎక్కువ. టెస్ట్ ఏంటంటే, ఇంజన్ చల్లారాక కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సార్ తీసి ఆ కన్నం తెరిచి ఉంచి చూడటం, చెవులు చిల్లులు పడేంత చప్పుడు వస్తుంది కానీ బలం తిరిగొస్తే లోపల మూసుకుపోయినట్టే. ఖాళీ జాగాలో, పక్కన వైర్లు కాలకుండా చూసుకుని, ఒక్క నిమిషం మాత్రమే. ఇలాంటి బండిని ఎండు గడ్డి మీద, కళ్లంలో, రోడ్డు మీద ఆరబోసిన చొప్ప మీద ఆపకండి, అంటుకుంటుంది. కన్వర్టర్ మార్చే ముందు మిస్సింగ్ బాగుచేయించకపోతే కొత్తది కూడా కరిగిపోతుంది.

బీఎస్6 డీజిల్ వాళ్లకి ఇదే కథ డీపీఎఫ్‌తో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌తో. మసి ఫిల్టర్‌లో పేరుకుంటే బండి దాన్ని తనంతట తానే కాల్చుకోవాలి, దానికి వేడి కావాలి. రోజూ స్కూలుకి, ఆఫీసుకి నాలుగైదు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఆ పని ఎప్పటికీ పూర్తి కాదు. డీపీఎఫ్ లైట్ నిలకడగా వెలిగినప్పుడే అవుటర్ రింగ్ రోడ్డు లాంటి ఆగకుండా పోయే రోడ్డెక్కి ఇరవై నిమిషాలు 2000 ఆర్పీఎం పైన నడపండి, మధ్యలో ఆపొద్దు. లైట్ కొట్టుకోవడం మొదలై బలం తగ్గిపోయిందంటే ఇంక మీ చేతిలో లేదు, సర్వీస్ సెంటర్లో స్కానర్‌తో చేయించాలి. అదే సమయంలో ఆయిల్ డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి, లెవెల్ పై గీత దాటి ఉంటే సగంలో ఆగిన ప్రయత్నాల వల్ల డీజిల్ ఆయిల్‌లోకి దిగింది, ఆయిల్ మార్చాకే నడపాలి.

షెడ్డుకి వెళ్లాల్సి వస్తే

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లినా, మీ ఊరి చివర షెడ్డుకి వెళ్లినా పికప్ లేదు చూడన్నా అని తాళం ఇచ్చి రాకండి. మీరు రాసుకున్న కాగితం, కోడ్‌ల ఫోటో, మూడో గేర్ రికార్డింగ్ చూపించండి. మంచి మేస్త్రీకి అది చూడగానే ఎటు వెళ్లాలో తెలిసిపోతుంది, ఆయన టైమూ మిగులుతుంది. ఏ పార్ట్ మార్చాలన్నా అది పోయిందని ఏ టెస్ట్‌లో తేలింది అన్నా అని మర్యాదగా అడగండి, తీసిన పాత పార్ట్ తెచ్చుకోండి. ఒకేసారి మూడు నాలుగు మార్చనివ్వొద్దు, ఏది బాగుచేసిందో తెలియకుండా పోతుంది.

పని అయ్యాక కోడ్‌లు క్లియర్ చేసి, మొదట రికార్డ్ చేసిన అదే రోడ్డు మీద, అదే మూడో గేర్లో, అంతే మంది కూర్చుని, ఏసీ కూడా అప్పటిలాగే పెట్టి మళ్లీ ఫుల్‌గా తొక్కి చూడండి. ముందు 115 దగ్గర ఆగిన ప్రెషర్ ఇప్పుడు 200కి వెళ్లిందా, అడిగిన రైల్ ప్రెషర్ వచ్చిందా అన్నది రెండు రికార్డింగులు పక్కన పెడితే తెలుస్తుంది. వారం పోయాక ఇంకోసారి స్కానర్ పెట్టి పెండింగ్ కోడ్‌లు చూడండి, చెక్ లైట్ ఇంకా వెలగకముందే తప్పు తిరిగొస్తుంటే అక్కడ కనపడుతుంది.